రేపటి సంగతి తెలియని పుస్తకం

చిలకలగూడలో మా మేడ మీద కూర్చుంటే సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కూత వినిపిస్తుంది. 1874 నుంచీ ఈ చుట్టుపక్కల వాళ్లకు అలవాటైన చప్పుడది. సెలవు రోజు మధ్యాహ్నాలు ఆ కూతలు వింటూ నేను చదువుకునేవి దినచర్యగా రాసిన చారిత్రక కథలు. వాటిలో కోటలు కూలవు. వాన, వంట, జ్వరం, చుట్టాల రాక, అంతే. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ చదివితే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ వీరుల కాలంలో మామూలు ఇంట్లో పొద్దు ఎలా గడిచిందో తెలియాలంటే రోజువారీ రాతే కావాలి.

ఈ రాత మనకు కొత్త కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా రాసిందాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. ఆయన పోయాక 1838లో పిళ్లె దాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. అది కల్పన కాదు. అయినా దినచర్య రూపంలో పాతకాలపు కథ రాయబోయేవారికి అంతకన్నా మంచి బడి లేదనుకుంటాను. ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్లు ఎలాంటివి, దిగడానికి వసతి ఉందా, అంగళ్లలో ఏం దొరుకుతాయి: ఆయన చూపు వీటి మీద ఉంటుంది. హైదరాబాదు, సికింద్రాబాదు కూడా ఆయన దారిలోవే. కట్టడాల వర్ణన కన్నా ఆ మంచినీళ్ల కబురే నన్ను 1830లోకి లాక్కుపోతుంది.

వీరాస్వామి మాటల్లో అంత చనువు ఎక్కడిది? ఎదుట మిత్రుడున్నాడు గనుక. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’లో శారద తన నేస్తం కల్పలతకు రాస్తుంది, ఆ పిలుపుతోనే పాఠకురాలు ఇంటి మనిషైపోతుంది. ఇక తేదీ. అమెరికా రచయిత్రి కారెన్ కుష్మన్ 1994లో రాసిన ‘క్యాథరిన్, కాల్డ్ బర్డీ’లో 1290 నాటి ఇంగ్లండు పిల్ల ఒక్కో రోజునూ ఆనాటి సాధువు పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. మన కథలో ఆ పని తిథి చేయాలి. పాడ్యమి, విదియ అని ఉన్నచోట పండుగ ఎంత దూరంలో ఉందో తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా కష్టమైన విద్య మరొకటుంది. రాసే మనిషికి రేపు ఏం జరుగుతుందో తెలియదు. చదివే మనకు తెలుసు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగింది. అవి బతుకమ్మ రోజులు. అప్పటి చిలకలగూడలో ఒక రైల్వే ఉద్యోగి భార్య దినచర్య రాస్తోందని ఊహించుకుంటాను. ముందురోజు ఆమె ఏం రాస్తుంది? వాన తెరిపివ్వడం లేదని, తంగేడు పూలు తడిసిపోయాయని, పిడకలు అంటుకోక కళ్లు మండుతున్నాయని. లష్కర్ బజారులో కొట్టువాడు హాలీ రూపాయి వద్దన్నాడు, కల్దారే కావాలన్నాడు అని కూడా రాయవచ్చు. నిజాం సర్కారు నాణేనికీ బ్రిటిష్ నాణేనికీ ఉన్న తేడా ఆ విసుగులోనే తెలిసిపోవాలి. రచయిత మధ్యలో దూరి ఆ రెండు సిక్కాల చరిత్ర చెప్పాడా, పుస్తకం పాఠమైపోతుంది. అలాంటి పేజీలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది, ఆ మనిషి నోరు ఎవరో నొక్కేసినట్టు.

ఇరవై ఎనిమిదో తేదీన ఆమె ఏమీ రాయదు. మర్నాడు, పాలు రాలేదు. ఆ మర్నాడు, పట్నం నుంచి రావలసిన తమ్ముడి కబురు లేదు. అఫ్జల్‌గంజ్ వైపు చింతచెట్టెక్కి చాలామంది బతికారట అన్న మాట ఎవరో మోసుకొస్తారు. నిజమో కాదో ఆమెకు తెలియదు. నిజమేనని మనకు తెలుసు. తమ్ముడు ఆ చెట్టు మీద ఉన్నాడో లేడో మాత్రం మనకూ తెలియదు. ఆ ‘అట’ దగ్గర నేను ఎంతసేపైనా ఆగిపోతాను.

సద్దుల బతుకమ్మనాడు పూలు పేర్చింది గానీ నీళ్ల దగ్గరకు వెళ్లడానికి కాళ్లాడలేదని ఒక్క వాక్యం రాసి, ఆమె దీపం తగ్గించేస్తుంది.