ఛాంబర్ సంగీతంలో శాక్సోఫోన్: అరువు గతం, సొంత నాదం

1. ఉపోద్ఘాతం:
అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన వాద్యం శాక్సోఫోన్. దీని దేహం ఇత్తడిది. నాదం పుట్టేది మాత్రం క్లారినెట్‌లో వలె ఒంటి రీడు నుంచి. సైనిక వాద్యబృందాలలోనూ, తరువాత జాజ్‌లోనూ ఇది స్థిరపడింది. అయితే ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్కరే వాయించే చిన్న బృందాల సంగీతంలో, అంటే ఛాంబర్ సంగీతంలో, దీనికి పూర్వుల ఆస్తి లేదు. హైడన్, మొజార్ట్, బీథోవెన్‌ల కాలానికి ఈ వాద్యమే పుట్టలేదు. మరి దీనికి అక్కడ స్థానం ఏ ప్రాతిపదికన లభించింది? ఇతర వాద్యాలను పోలినందువల్లనా, పోలనందువల్లనా? మూడు రచనల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించవచ్చు.

2. గ్లాజునోవ్ - అరువు గతం:
ఫ్రెంచి వాదకుడు మార్సెల్ మ్యూల్ 1928లో శాక్సోఫోన్ చతుష్టయాన్ని నెలకొల్పాడు. సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ అనే నాలుగు పరిమాణాల వాద్యాలు తంత్రీచతుష్టయం వలె ఒకే కుటుంబంగా పలకడం దాని ఆదర్శం. ఆ బృందం కోసం రష్యన్ స్వరకర్త గ్లాజునోవ్ 1932లో రచించినదే ఓపస్ 109. అందులోని రెండవ భాగంలో ఒక వైవిధ్యం షూమన్ శైలిలోనూ, మరొకటి షోపెన్ శైలిలోనూ సాగుతాయి. శాక్సోఫోన్‌కు లభించని పందొమ్మిదవ శతాబ్దిని స్వరకర్త ఇక్కడ కల్పించి ఇచ్చాడు. ఇది అనుకరణే అయినా నిష్ఫలం కాదు. నాలుగు శాక్సోఫోన్లు సుదీర్ఘ రచనను నిలబెట్టగలవని ఇది నిరూపించింది.

3. వెబర్న్ - సమాన భాగస్వామ్యం:
ఆంటన్ వెబర్న్ 1930లో పూర్తిచేసిన ఓపస్ 22లో వయొలిన్, క్లారినెట్, పియానోలతో పాటు టెనర్ శాక్సోఫోన్ ఉంది. చిన్నచిన్న స్వరఖండాలు వాద్యం నుంచి వాద్యానికి చేతులు మారుతాయి. ఇక్కడ వాద్యాలు ఒకదానినొకటి పోలవలసిన అవసరం లేదు. నాదభేదమే నిర్మాణాన్ని వినిపింపజేస్తుంది. శాక్సోఫోన్ అతిథి కాదు, సమానురాలు.

4. డెనిసోవ్ - సొంత నాదం:
ఎడిసన్ డెనిసోవ్ 1970లో ఆల్టో శాక్సోఫోన్, పియానోల కోసం రచించిన సొనాటాను వాదకుడు జాఁ-మారీ లాండెక్స్‌కు అంకితం చేశాడు. నెమ్మదిగా సాగే రెండవ భాగంలో అర్ధస్వరానికన్న సూక్ష్మమైన అంతరాలు, ఏకకాలంలో ఒకటికి మించిన స్వరాలు వినిపించే మల్టీఫోనిక్స్ ఉన్నాయి. వీటిని కేవలం విన్యాసాలుగా పరిగణించడం పొరపాటు. వాటిని తొలగిస్తే మిగిలేది అలంకారం లేని భాగం కాదు, ఆధారం లేని భాగం. చివరి భాగం జాజ్ లయలను బాహాటంగా స్వీకరిస్తుంది. మ్యూల్ తరం దూరంగా ఉంచజూసిన వారసత్వం ఇక్కడ రచనాద్రవ్యమైంది.

5. తెలుగు కృతి - ఒక పోలిక:
కర్ణాటక సంగీతంలో కద్రి గోపాల్‌నాథ్ (1949-2019) ఇదే సమస్యను మరో విధంగా ఎదుర్కొన్నారు. త్యాగరాజు తెలుగు కృతులు గాత్రానికి పుట్టినవి. వాటి గమకాలు పలికేందుకు ఆయన వాద్యాన్నే సవరించుకున్నారు. డెనిసోవ్ వాద్యస్వభావం నుంచి రచనను పుట్టిస్తే, గోపాల్‌నాథ్ రచనాస్వభావానికి వాద్యాన్ని లొంగదీశారు. అందువల్ల గాత్రానికి సామీప్యం అనే కొలమానం కృతివాదనకు న్యాయమైనదే గాని, డెనిసోవ్ సొనాటాకు వర్తించదు.

6. ముగింపు:
అరువు గతం శాక్సోఫోన్‌కు ఛాంబర్ సంగీతంలో ప్రవేశం కల్పించింది. అక్కడ నిలవడానికి కారణాన్ని మాత్రం సొంత నాదమే ఇచ్చింది. కాబట్టి సమకాలీన రచనలను "ఎంత మధురంగా, ఎంత వయొలిన్ వలె పలికింది" అని తూచే విమర్శ గ్లాజునోవ్ దగ్గరే ఆగిపోతుంది. ఈ రచన మరొక వాద్యానికి మారిస్తే ఏమి నశిస్తుంది అన్నదే విమర్శకులు వేయవలసిన ప్రశ్న.