పాఠంగా ధ్వని: సింథసైజర్ స్మృతి వ్యవస్థలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: సింథసైజర్, ప్రీసెట్, ప్యాటర్న్, స్మృతి, పాఠ పరిష్కరణ.

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు ముందుగా తేల్చుకోవలసింది ఏది మూలపాఠం, ఏది లేఖకుని చేర్పు అన్నది. సింథసైజర్‌లో భద్రపరచిన ధ్వని విషయంలోనూ ఈ ప్రశ్న తప్పదు. వాద్యం ఏ ధ్వనులు పలుకుతుందన్న దానిపై ఉన్నంత శ్రద్ధ, ఆ ధ్వనిలో ఏ అంశాలను అది గుర్తుంచుకుంటుందన్న దానిపై సాధారణంగా కనిపించదు. సంగీత రచనలో ఏది రచనాభాగమో, ఏది కాదో వాద్యంలోని స్మృతి నిర్మాణమే ముందుగా నిర్ణయిస్తుందని, ఆ నిర్ణయం తటస్థమైనది కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1970లో వచ్చిన మినీమూగ్‌కు స్మృతి లేదు. కుదిరిన ధ్వనిని మళ్లీ రాబట్టాలంటే, వాద్య ఫలకం బొమ్మ అచ్చువేసిన కాగితంపై ఒక్కొక్క మీట స్థానాన్ని గుర్తు పెట్టుకోవలసిందే. 1978 నాటి ప్రాఫెట్-5 మైక్రోప్రాసెసర్ సాయంతో 40 ధ్వనులను దాచుకోగలిగింది. అయితే భద్రపరచిన ధ్వనిని పిలిచినప్పుడు మీటలు తమంతట తాము కదలవు. అంతకుముందు ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉంటాయి. చెవికి వినిపించేదానికి, కంటికి కనిపించేదానికి పొంతన తప్పింది అప్పుడే. ఫలకాన్ని చూసి ధ్వనిని చదవగలిగిన కాలం దానితో ముగిసింది.

ఈ చర్చకు అత్యంత ఉపయుక్తమైన ఉదాహరణ 1983లో యమహా విడుదల చేసిన డీఎక్స్7. దాని అంతర్గత స్మృతిలో 32 ధ్వనులకు చోటుంది. ఒక్కో ధ్వని 128 బైట్లు. పేరుకు పది అక్షరాలు మించరాదు. మొత్తం 32 ధ్వనులూ కలిపి 4,096 బైట్లే. ఇంత చిన్నది కాబట్టే కార్ట్రిడ్జ్‌ల ద్వారా, మిడి తీగ ద్వారా ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి సులభంగా చేరింది. తయారీదారులు సమకూర్చిన ధ్వనుల్లో 11వ స్థానంలోని ‘ఈ.పియానో 1’ ఆ దశాబ్దపు పాటల్లో విరివిగా వినిపించడానికి వాయిద్యకారుల సోమరితనమే కారణమనడం అర్ధసత్యం. ధ్వనిని మలచడానికి ఆ వాద్యంలో విడివిడి మీటలు లేవు. చదునైన బొత్తాలతో, ఒకే జరుపు మీటతో, రెండు వరుసల చిన్న తెరను చూస్తూ ఒక్కొక్క విలువను మార్చుకోవాలి. పైగా 32 స్థానాలూ నిండి ఉన్నప్పుడు కొత్త ధ్వనిని దాచాలంటే పాతదొకటి చెరిపివేయక తప్పదు. అంటే భద్రపరచడమే ఒక పరిహరణ. స్మృతి రక్షణ అనే ఏర్పాటును తొలగించిన తర్వాతే అది సాధ్యం.

అసలు చిక్కు మరొకటి. పిచ్ బెండ్ చక్రం స్వరాన్ని ఎంత దూరం వంచాలి, మాడ్యులేషన్ చక్రం దేనిని ప్రభావితం చేయాలి వంటి విలువలు తొలి డీఎక్స్7లో ధ్వనితో పాటు నమోదు కావు. అవి మొత్తం వాద్యానికి ఉమ్మడి. ధ్వని మిగిలింది, దానిని పలికించిన చేతివాటం మిగలలేదు. గమకమే ప్రాణంగా గల సంగీతాన్ని ఎరిగిన పాఠకునికి ఈ లోపం తీవ్రత వివరించనక్కరలేదు. తరువాతి డీఎక్స్7-2లో ‘పర్ఫార్మెన్స్’ స్మృతి చేరడం, ఇది ఉపేక్షించదగిన విషయం కాదని తయారీదారులే అంగీకరించినట్లు.

ప్యాటర్న్‌ల వద్ద సమస్య రూపం మారుతుంది. ఎలెక్ట్రాన్ సంస్థ 2001లో తెచ్చిన మెషిన్‌డ్రమ్‌లో లయను నమోదు చేసే ప్యాటర్న్ వేరు, ధ్వనుల సముదాయమైన కిట్ వేరు. ప్యాటర్న్ తన కిట్‌ను సూచిస్తుందే గాని తనలో ఇముడ్చుకోదు. ఒకే కిట్‌ను అనేక ప్యాటర్న్‌లు పంచుకున్నప్పుడు, చరణం కోసం డోలు ధ్వనిని సవరించి ఆ కిట్‌ను భద్రపరిస్తే పల్లవి కూడా మారిపోతుంది. అదే సంస్థ 2017లో తెచ్చిన డిజిటాక్ట్ ధ్వని విలువలను ప్రతి ప్యాటర్న్‌లోనే ఉంచుతుంది. ఇక్కడ ఒకచోటి సవరణ మరోచోటికి పాకదు. కాని నకళ్లు పెరిగినకొద్దీ, ప్రతి తాళపత్ర ప్రతిలో లేఖకుడు తలో దిద్దుబాటు చేసినట్లు, పాఠాంతరాలు పుట్టుకొస్తాయి. అలాగని ఈ పద్ధతి స్వయంసంపూర్ణమూ కాదు. శాంపిల్ దస్త్రం ప్యాటర్న్‌కు వెలుపలే ఉంటుంది. దానిని చెరిపివేస్తే లయ నడుస్తుంది, శబ్దం రాదు.

తాళ్లపాక రాగిరేకులపై కీర్తనలకు రాగం పేరు ఉంటుంది, బాణీని పట్టిచ్చే స్వరలిపి ఉండదు. తరువాతి వారు కట్టిన బాణీలలో ఆ కీర్తనలను నేడు వింటున్నాం. సూచన మాత్రమే మిగిలి, సూచితం జారిపోయిన సందర్భం అది. కిట్ సంఖ్య మిగిలి కిట్ మారిపోయిన ప్యాటర్న్ స్థితీ ఇటువంటిదే. పోలికను ఇంతకు మించి లాగడం ఉచితం కాదు: రాగం పేరు తెలిసిన గాయకునికి ఒక స్వరమార్గమైనా దొరుకుతుంది, కిట్ సంఖ్య ఎవరికీ ఏ దారీ చూపదు. కనుక ఎలక్ట్రానిక్ సంగీత రచనలను సేకరించే గ్రంథాలయాలు ధ్వనుల దస్త్రాన్ని మాత్రమే భద్రపరిస్తే చాలదు. ఉమ్మడి విలువలు, వాద్యంలోని సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్య, వాయిద్యకారుని చేతిరాత గుర్తులు కూడా ఒకే పాఠంలోని భాగాలుగా నమోదు కావాలి.

ఈ పని జాప్యాన్ని సహించదు. డీఎక్స్7 స్మృతిని నిలిపి ఉంచేది లోపలి ఫలకానికి అతికించిన చిన్న లిథియం బ్యాటరీ. అది నిర్జీవమైతే 32 ధ్వనులూ పోతాయి. తయారీదారుల ధ్వనులను కార్ట్రిడ్జ్ నుంచి తిరిగి నింపుకోవచ్చు. వాయిద్యకారుడు తానుగా మలచుకున్న ధ్వనులకు మరో ప్రతి లేకపోతే, వాటికి ఆ అవకాశం లేదు.