పైపై: రెండవ ఇంటర్‌ప్రెటరు, రెండవ గాదె

పైథాన్ భాషలో వ్రాసిన ప్రోగ్రామును చదివి నడుపు ఇంటర్‌ప్రెటరు ఒక్కటే యని మన విద్యార్థులు తలచుట సహజము. అందరూ వాడునది సి భాషలో వ్రాసిన సిపైథాన్. పైపై దానికి ప్రత్యామ్నాయము. పేరు పైపై గాని పని లోతైనది. ప్రోగ్రాములో మరల మరల వచ్చు భాగములను గుర్తించి, నడుచుచుండగనే యంత్రభాషలోనికి మార్చును. కోటిసార్లు తిరుగు లూపునకిది వరము. క్షణములో ముగియు చిన్న లెక్కకు దీనివలన లాభము లేదు.

స్థాపన విధానమే కొత్తవారికి చిక్కు. కట్ట విప్పినంతనే పైపై నడచును గాని, ప్యాకేజీలు తెచ్చు 'పిప్' అందు సిద్ధముగా నుండదు. 'పైపై3 -ఎమ్ ఎన్‌ష్యూర్‌పిప్' అను ఆజ్ఞ నీయవలెను. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు. పెద్దముడియము వంటి చోటి బడికి కట్టను పెన్‌డ్రైవులో తెచ్చుకొనిన చాలును. ఇది మెచ్చదగిన గుణము.

తరువాత వట్టి 'పిప్' అని కొట్టినచో ప్యాకేజీ సిపైథాన్ గాదెలోనికి పోవచ్చును. పైపై తనకది లేదనును. తప్పు తనదే యని విద్యార్థి క్రుంగును. 'పైపై3 -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్' అనుటయే క్షేమము. ఈ సంగతి ఉపాధ్యాయుడు ముందే చెప్పవలెను.

నంపై వంటి, సి భాషపై ఆధారపడు ప్యాకేజీలు పైపైలో పనిచేయును గాని, నడుమ దుబాసీ యుండుటచే తరచు మందగించును. కనుక తొలి పాఠములకు సిపైథానే తగును. ప్రధాన సంఖ్యల జల్లెడ వ్రాసి, రెండింటిలో పట్టు కాలమును కొలిచి చూపునాడు పైపైని తరగతిలోనికి తేవచ్చును.