ఏరివేత: అయిదవ స్తంభశాసనం, తెల్లపులి

పట్టాభిషిక్తుడైన 26 సంవత్సరాలకు అశోకుడు వేయించిన అయిదవ స్తంభశాసనాన్ని మనవారు అహింసా ప్రకటనగా ఉదాహరించడం పరిపాటి. రక్షిత జీవుల పట్టికను పేర్కొని, రాజు కరుణను కొనియాడి, అంతటితో విడిచిపెడతారు. అసలు విషయం ఆ పట్టిక దిగువన ఉంది. చూలుతో ఉన్న, పాలిచ్చే మేకలను, గొర్రెలను, పందులను చంపరాదు. ఆరు మాసాలు నిండని వాటి పిల్లలను చంపరాదు. కోడిపుంజులకు వృషణాలు తీయరాదు. నిర్ణీత తిథులలో ఎద్దులకు, పొట్టేళ్లకు, మేకపోతులకు వట్టలు కొట్టరాదు. గుర్రాలకు, ఎద్దులకు వాతలు వేయరాదు. ఇవి వేటగానికంటె మందను పెంచేవానికి తగిలే మాటలు. ఏ పిల్లను ఉంచాలి, దేనిని కోతకు పంపాలి, దేని సంతానశక్తిని తీసివేయాలి అనే నిర్ణయాలే పశుపోషణలో ఏరివేత.

తవ్వకాలలో దొరికే ఎముకలు చెప్పేదీ ఆ నిర్ణయాలనే. దంతాల అరుగుదలను బట్టి చనిపోయిన వయస్సును లెక్కిస్తాము. లేత వయస్సు మగవి, ముదిరిన ఆడవి ఎక్కువగా కనిపిస్తే పాడి మంద అని ఊహిస్తాము. మా నివేదికలలో అదొక గీతపటం మాత్రమే.

వాడుకకు గాని ఆహారానికి గాని పనికిరాని నాలుగుకాళ్ల జంతువులన్నిటికీ ఆ శాసనం అభయమిచ్చింది. మందలో ఏరివేతకు కారణమైన నిరుపయోగమే ఇక్కడ రక్షణకు కారణమైంది. అయితే ఉపయోగపడే జంతువు ఆ అభయానికి వెలుపలే నిలిచింది. తిథి గడిచిన మరునాడు కత్తికి అడ్డులేదు. దీనిని సిద్ధాంతంగా కంటె, పశుపోషకులతో రాజు కుదుర్చుకొన్న ఒప్పందంగా చదవడమే న్యాయం.

తినడానికీ దున్నడానికీ కాక, చూడడానికే పెంచే జంతువు ఆ ఒప్పందంలో లేదు. భిలాయిలో మరోదా ప్రాంతపు మైత్రీబాగ్, సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో ఏర్పడిన జంతుశాల, తెల్లపులులకు ప్రసిద్ధి. నేటి తెల్లపులుల వంశావళి అధికభాగం 1951లో రీవా ప్రాంతంలో పట్టుబడిన మోహన్ వద్దకే చేరుతుంది. మామూలు రంగు ఆడపులితో దానికి తెల్లపిల్లలు పుట్టలేదు. కూతురైన రాధతోనే జతకట్టించగా 1958లో నాలుగు పుట్టాయి. ఆ రంగు ఒక్క జన్యువులోని మార్పు; దానితోపాటే దృష్టి నాడుల అమరికలో దోషం వస్తుంది. రక్తసంబంధం దగ్గరయ్యేకొద్దీ మరికొన్ని అవలక్షణాలు బయటపడతాయి. అమెరికా జంతుశాలల సంఘం 2011లో తన సభ్యులకు ఈ పెంపకాన్ని నిషేధించింది.

కోపెన్‌హాగెన్ జంతుశాల 2014లో మారియస్ అనే ఆరోగ్యవంతమైన జిరాఫీని చంపింది. దాని జన్యువులు మందలో ఇప్పటికే చాలినంత ఉన్నాయన్నది కారణం. మనకు అది క్రూరంగా తోచింది, తోచవలసిందే. కాని, మనం చంపలేదు గనుక హింస లేదనడం చెల్లదు. రంగుకోసం తండ్రిని కూతురితో కలిపినప్పుడే ఏరివేత జరిగిపోయింది. కత్తి పుట్టుకకు ముందే పడింది.

ఉపాసకుడు వర్జించవలసిన అయిదు వ్యాపారాలలో మాంస వ్యాపారాన్ని వివరిస్తూ అంగుత్తర నికాయపు అట్ఠకథ, పందులను జింకలను పెంచి అమ్మడమని అర్థం చెప్పింది. వధకు ముందున్న పెంపకం మీదనే ఆ వ్యాఖ్యాత దృష్టి నిలిచింది. ఉన్న తెల్లపులులను చివరిదాకా పోషించి, రంగుకోసం జతకట్టించడం మానవచ్చు. బోను ముందున్న పలకపై వాటి వంశవృక్షాన్ని కూడా వ్రాయవచ్చు.