ఎర్ర తెరచాప, మొండి ముక్కు

పుస్తకాన్ని విమర్శిస్తాం, సినిమాని విమర్శిస్తాం. వాడుక వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రివ్యూతో సరిపెట్టుకుంటాం: ధరెంత, మన్నుతుందా, కొనొచ్చా, అక్కర్లేదా. ఆ వస్తువు ఎవరిని ఉద్దేశించి తయారైంది, వాళ్ల గురించి ఏమనుకుంది, ఆ అనుకోవడంలో మర్యాద ఉందా లేక చిన్నచూపు ఉందా అని అడగం. కవిత గురించి మాత్రం ఈ ప్రశ్నలన్నీ అడుగుతాం. ఈ వ్యాసంలో అవే ప్రశ్నలు ఒక పడవని అడగాలని నా ప్రయత్నం.

పడవ పేరు మిర్రర్. ఇంగ్లండులో పుట్టింది. ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ. ఇలాంటి వాటిని డింగీలంటారు. సెయిలింగ్ నేర్చుకోడానికీ, పందేలకీ రెంటికీ పనికొస్తాయి. మిర్రర్ పొడవు 3.3 మీటర్లు, ఉత్త పడవ బరువు 45 కిలోల చిల్లర. 1963 నుంచి ఇప్పటిదాకా 70,000కి పైగా తయారయ్యాయి. అందులో చాలా భాగం కార్ఖానాల్లో కాదు, ఇళ్లలో, కారు షెడ్లలో తయారయ్యాయి. ఈ ఒక్క విషయం పక్కన పెట్టి చూస్తే మిర్రర్ అర్థం కాదు.

చూడగానే అందంగా ఉండదు. పడవంటే ముందువైపు కోసుగా, నీళ్లని చీల్చుకుపోయేలా ఉండాలని మన ఊహ. దీని ముక్కు మొండిది, ఎవరో రంపంతో అడ్డంగా కోసేసినట్టు. తెరచాప కొయ్య కూడా ఒకటే పొడుగాటి కొయ్య కాదు, రెండు ముక్కలు. అదే 1963లో ఫ్రాన్సులో ఆంద్రే కోర్ను 470 అనే డింగీని గీశాడు. 4.7 మీటర్ల పొడవు, ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, సన్నటి నడుము. ఇద్దరిలో ఒకరు తీగకి వేలాడుతూ పడవ బయటికి వాలి దాన్ని నిలబెడతారు. 1976 నుంచి అది ఒలింపిక్ పడవ. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకటి గుర్రం, ఒకటి గాడిదపిల్ల. వేగం ఒక్కటే కొలత అయితే ఇక్కడితో విమర్శ అయిపోయినట్టే.

కానీ మిర్రర్ ఎవరికోసమో చూడండి. దీని వెనక ముగ్గురున్నారు. ఒకరు బ్యారీ బక్‌నెల్. ఇంటి పనులు సొంతంగా చేసుకోవడం ఎలాగో బీబీసీ టీవీలో చూపించిన మనిషి. పాత విక్టోరియన్ ఇళ్ల చెక్కుడు తలుపుల మీద నున్నటి బోర్డు కొట్టి కప్పెయ్యమని ఒక తరానికి నేర్పినవాడు కూడా ఆయనే అని ఇప్పటికీ తిట్టుకునేవాళ్లున్నారు. రెండోవారు జాక్ హోల్ట్, డింగీల రూపకల్పనలో చెయ్యి తిరిగినవాడు. కేడెట్, జీపీ 14, ఎంటర్‌ప్రైజ్ ఆయనవే. మూడోది మనిషి కాదు, పత్రిక. డైలీ మిర్రర్. అప్పట్లో రోజుకి దాదాపు 50 లక్షల కాపీలు అమ్ముడుపోయే, కార్మిక కుటుంబాలు ఎక్కువగా చదివే పేపరు. పడవ పేరు ఆ పేపరుది. తెరచాప ఎరుపు కూడా ఆ పేపరు తలకట్టు ఎరుపే. అంటే ఇది నీళ్లమీద తిరిగే ప్రకటన కూడా. ఆ సంగతి దాచిపెట్టి దీన్ని పొగడక్కర్లేదు.

పడవ విడిభాగాల పెట్టె ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అప్పటి కార్మికుడికి సుమారుగా ఒక నెల జీతం. డబ్బున్నవాళ్ల ఆటగా పేరుపడ్డ సెయిలింగుని ఆ ధరకి ఇస్తామన్నారు, ఒక షరతు మీద: పడవని మీరే కట్టుకోవాలి.

వడ్రంగం రానివాడు పడవెలా కడతాడు? జవాబు దారంలో ఉంది. ముందే కోసిన ప్లైవుడ్ పలకలు పెట్టెలో వస్తాయి. అంచుల వెంబడి చిన్న చిన్న బెజ్జాలు వేసి, రాగితీగ దూర్చి, బట్ట కుట్టినట్టు పలకని పలకకి కుట్టాలి. తీగలు బిగించేకొద్దీ బల్లపరుపు చెక్కలు వంగి, వాటంతటవే పడవ ఆకారంలోకి వస్తాయి. అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ వేసి రెజిన్ పూస్తే గట్టిపడుతుంది. తర్వాత పైకి కనిపించే తీగలు కత్తిరించేస్తారు. ఈ పద్ధతిని అంతకుముందు కెన్ లిటిల్‌డైక్ కనూల కోసం వాడాడు. బక్‌నెల్ దాన్ని లక్షల ఇళ్లకి వినిపించేలా చెప్పాడు.

కుట్టిన పడవ మనకి కొత్త కాదు. కోరమాండల్ తీరంలో, మన ఆంధ్ర తీరంతో సహా, మసులా పడవలుండేవి. పలకల్ని మేకులు లేకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టేవాళ్లు. కెరటాలు విరిగే చోట ఒడ్డుకి కొట్టుకున్నప్పుడు మేకులు కొట్టిన పడవైతే పగులుతుంది, ఇది మెత్తగా వంగి నిలుస్తుంది. కానీ రెండు కుట్లూ ఒకటి కావు. మసులాలో కుట్టే పడవ బలం, అది చివరిదాకా ఉంటుంది, కట్టడానికి తరాల నేర్పు కావాలి. మిర్రర్‌లో కుట్టు ఇల్లు కట్టేటప్పుడు వేసే సెంట్రింగు లాంటిది, పని అయ్యాక తీసేస్తారు. నేర్పు లేనివాడి చేతికి నేర్పు బదులుగా కాసేపు ఇచ్చిన ఊతం.

ఇప్పుడు మళ్లీ ఆ మొండి ముక్కుని చూడండి. పొట్టి పడవని ముందు కోసుగా చెయ్యాలంటే ప్లైవుడ్‌ని బాగా మెలిపెట్టాలి. అది మొదటిసారి రంపం పట్టినవాడి వల్ల కాదు. ముక్కు కోసేస్తే పలకలు సులువుగా వంగుతాయి, లోపల కాళ్లు పెట్టుకోడానికి చోటూ మిగులుతుంది. తెరచాప కొయ్య రెండు ముక్కలెందుకు? పొట్టి కొయ్య ఒకటి నిలబెట్టి, రెండోదాన్ని దాని వెంబడి నిట్టనిలువుగా పైకి లాగుతారు. దించేశాక రెండూ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి, మొత్తం కారు టాపు మీద కట్టుకుని పోవచ్చు. లోపల చుట్టూరా ఉన్న మూసిన గాలి గదులు పడవ బోల్తా పడితే మునగనివ్వవు. అవే కూర్చునే అరుగులు. పడవకి బిగువునిచ్చేవీ అవే. ఒక్క భాగం మూడు పనులు చేస్తోంది. ఇంజనీరుగా నాకు ఈ పడవలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే.

అందంగా లేదనుకున్న ప్రతి చోటా ఒక మనిషి ఉన్నాడు. చిన్న ఇల్లు, చిన్న కారు, ఆదివారం మాత్రమే సెలవు, ఒకళ్లో ఇద్దరో పిల్లలు ఉన్న మనిషి. ఆ మనిషి రంపం జారుతుందని తెలిసే ఈ పడవ గీశారు. అతని చేతకానితనాన్ని వెక్కిరించలేదు, లెక్కలోకి తీసుకున్నారు. నేను మర్యాద అన్నది దీన్నే.

ఇద్దరు నడపడం గురించీ చెప్పాలి. వెనక కూర్చున్నవాళ్ల చేతిలో చుక్కాని, పెద్ద తెరచాప తాడు ఉంటాయి. ముందున్నవాళ్లు చిన్న తెరచాప చూసుకుంటూ, గాలికి పడవ ఒరిగినప్పుడు రెండో పక్కకి జరిగి సరిచేస్తుంటారు. ఇద్దరు మనుషుల బరువు పడవ బరువుకంటే ఎక్కువ. అందుకే ఒకళ్లు క్షణం ఆలస్యంగా జరిగినా పడవ వెంటనే చెప్పేస్తుంది. మాట్లాడుకోకుండా దీన్ని నడపలేరు. తండ్రీకూతుళ్లు ఎక్కి, కూతురు చుక్కాని పట్టుకుంటే, జరగమన్నప్పుడు జరగాల్సింది నాన్నే. ఇంట్లో అలాంటి అవకాశం ఆ పిల్లకి ఎన్నిసార్లు వస్తుంది? జంటకవుల పద్యాల్లో ఏది ఎవరిదని తెల్లవార్లూ వెతికే విమర్శకులు ఒక్కసారి ఇలాంటి పడవ ఎక్కితే బాగుండును. గీత ఒకటే, గీసింది ఇద్దరు. విడదీస్తే గీత ఉండదు.

మిర్రర్ సాహిత్యంలోకీ వచ్చింది. ఎ. జె. మెకిన్నన్ అనే స్కూలు టీచరు ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ నుంచి బయల్దేరి కాలవలు, నదులు, మధ్యలో ఇంగ్లిష్ ఛానెల్ దాటుకుంటూ నల్లసముద్రం దాకా మిర్రర్‌లో వెళ్లాడు. 2002లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ది అన్‌లైక్లీ వాయేజ్ ఆఫ్ జాక్ డి క్రో’. ఇద్దరి పడవలో ఒక్కడే, నెత్తిన పాతకాలపు దొరల టోపీ, చాలా దూరం తెడ్లు వేసుకుంటూ. హాస్యంగా రాశాడు, హాయిగా చదివిస్తుంది. నాకున్న పేచీ ఒక్కటే. పుస్తకానికి పడవ ఒక ముద్దొచ్చే తోడు, కథానాయకుడి వింత మనస్తత్వానికి తగ్గ వింత వాహనం. చదువుతుంటే నాకు మాత్రం వేరుగా తోచింది. అతను ఖండం దాటగలిగింది వింతమనిషి కావడం వల్ల మాత్రమే కాదు. పొరపాట్లు చేసేవాళ్లని ముందే ఊహించి గీసిన పడవలో కూర్చున్నాడు కాబట్టి కూడా. హాస్యం అతనిది, ఓర్పు పడవది.

ఇక అసలు చిక్కు. పందేలున్న ప్రతి పడవకీ కొలతల నిబంధనలుంటాయి. ఛందస్సు లాంటివి. అందరి పడవలూ ఒకటే కాబట్టి గెలుపు మనిషిది, డబ్బుది కాదని దాని ఉద్దేశం. మిర్రర్ నిబంధనలు 2000 తర్వాతి దశాబ్దంలో సడలాయి. రెండు ముక్కల కొయ్య బదులు ఒకే పొడుగాటి కొయ్య వాడొచ్చన్నారు. మధ్యలో ఫోమ్ పెట్టిన ఫైబర్‌గ్లాస్ పడవలు తయారీదార్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చాయి. షెడ్డులో నాన్న కుట్టిన ప్లైవుడ్ పడవకీ పందెంలో పాల్గొనే అర్హత ఉంది. కానీ కాస్త బరువెక్కి, కాస్త బిగువు తగ్గిన ఆ పడవ తీసుకుని పందేనికి వెళ్లే పిల్లకి ఆశ కూడా ఉండాలి కదా!

మార్చినవాళ్లని తప్పు పట్టడం తేలిక. వాళ్ల వాదనా వినాలి. షెడ్లు పోయాయి, ఆదివారాలు పోయాయి. మిగతా డింగీలన్నీ ఆధునికంగా కనిపిస్తుంటే రెండు ముక్కల కొయ్యతో పిల్లల్ని ఆకర్షించడం కష్టం. మారకపోతే అంతరించిపోతుంది. నా వృత్తిలోనూ ఇదే చూస్తుంటాను. సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, సొంతంగా బిల్డ్ చేసుకునేవాళ్లు నూటికి ఒకరుండరు, మిగతావాళ్లం సిద్ధంగా ఉన్నది దించుకుంటాం. స్వేచ్ఛ లైసెన్సులో ఉంటుంది, చేతుల్లో ఉండదు.

ఫైబర్‌గ్లాస్ పాపమేమీ కాదు. మన తీరంలోనూ కుట్టుపడవల చోట ఫైబర్ పడవలు వచ్చాయి. ఏటా కుట్లు విప్పి మళ్లీ కుట్టే చాకిరీ తప్పిన జాలరికి పాతవే అందంగా ఉండేవని నేను చెప్తే నవ్వుతాడు. ఆప్టిమిస్ట్ అనే ఒంటరి పిల్లల పడవ కూడా 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ చేతిలో ప్లైవుడ్ పడవగానే మొదలైంది, అదీ మొండి ముక్కుదే. ఈరోజు హుస్సేన్ సాగర్ మీద బస్తీల పిల్లలు, ప్రభుత్వ బడుల పిల్లలు శిక్షణ తీసుకునే ఆప్టిమిస్టులు అచ్చుల్లో పోసిన ఫైబర్‌వే. వాళ్లకి పడవ కట్టుకునే షెడ్డు లేదు, క్లబ్బు పడవ ఉంది. అది తక్కువేమీ కాదు.

మరి పోయిందేమిటి? పడవ తన మనిషితో మాట్లాడే తీరు పోయింది. పాత మిర్రర్, ‘నన్ను నువ్వు కట్టగలవు, కాబట్టి బాగుచేసుకోనూగలవు’ అనేది. కొత్తది, ‘నన్ను నువ్వు బాగా నడపగలవు’ అంటుంది. రెండోది అబద్ధం కాదు, కానీ సగమే. మారిన మిర్రర్ మెరుగైన పందెపు పడవని ఒప్పుకుంటాను. మెరుగైన మిర్రర్ అని మాత్రం ఒప్పుకోలేను.

హోల్ట్ అంతకుముందు గీసిన ఎంటర్‌ప్రైజ్ వెనకా ఒక పత్రికే ఉంది, న్యూస్ క్రానికల్. అది 1960లో మూతబడింది. దాని నీలి తెరచాపల పడవ మాత్రం ఖండాలు దాటింది. 1982 ఆసియా క్రీడల్లో బొంబాయి దగ్గర జరిగిన పందేల్లో ఎంటర్‌ప్రైజ్ ఒక తరగతి. మన ఫరూఖ్ తారాపోర్, జరీర్ కరంజియా స్వర్ణం గెలిచింది ఇంకో ఇద్దరి డింగీ ఫైర్‌బాల్‌లో. పేపరు చదివినవాళ్లు దాన్ని మర్నాటికి మర్చిపోయి ఉంటారు. పేపరు చదివి పడవ కట్టినవాళ్ల మనవలు దానికి ఇంకా రంగులేస్తున్నారు. పాత ప్లైవుడ్ మిర్రర్‌కి చిల్లు పడితే ఇప్పటికీ కావలసింది ఒక చెక్కముక్క, కాస్త రెజిన్, రెండు సాయంత్రాలు. ఒక వస్తువుని విమర్శించేటప్పుడు వేగంతో పాటు దీన్నీ కొలతల్లో చేర్చుకోవాలి.