మిద్దె ఇంటి కథ, దాని పక్కన బొమ్మ

కడప, కర్నూలు పల్లెల కథకు బొమ్మ వేసే ఆర్టిస్టు మొదట తెలుసుకోవాల్సింది ఆ ఇంటి కప్పు సంగతి. కోస్తా కథలకు అలవాటుపడ్డ కుంచె పల్లె అనగానే పూరిపాక, దాని వెనక కొబ్బరిచెట్టు గీసేస్తుంది. ఇక్కడ పాత ఇల్లంటే మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరిచి చవుడు పోసిన చదును కప్పు. వెలుతురు రావడానికి, పొయ్యి పొగ పోవడానికి కప్పులో వదిలిన కంతను గవాచి అంటారు. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని మూసి రావాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల మీద, ఆ పని ఎప్పుడు తగులుతుందా అని ఎదురుచూసిన ఇళ్లే ఎక్కువ.

ఇంత చిన్న సంగతికి ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ రెండు జిల్లాల కుటుంబ కథల బలమంతా ఇలాంటి చిన్న సంగతుల్లోనే ఉంది. మెట్ట రైతు, కూలి మనిషి, మగ్గం నేసేవాడు, నాపరాయి గనిలో బండ తీసేవాడు, చెప్పులు కుట్టేవాడు, వాళ్ల పెళ్లాం బిడ్డలు ఈ కథల్లో జనం. మంచి రాయలసీమ కథ పేదరికం అనే మాట వాడదు. సంగటి ముద్ద చిన్నదైందని చెబుతుంది. ఊరిబిండి పచ్చడిలోకి బుడ్డలు (వేరుశనగ గింజలు) తగ్గి, వొట్టి మిరపకాయలు పెరిగాయని చెబుతుంది. మిగతాది చదివేవాడికి వదిలేస్తుంది.

ఈ నిగ్రహం దానంతట అది రాలేదు. కడపలో గట్టి విమర్శకుడు ఒకరుండేవారు. రా.రా.గా అందరికీ తెలిసిన రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అలసిన గుండెలు’ అనే కథల పుస్తకం రాశారు కానీ, ఆయన ముద్ర ఎక్కువగా పడింది విమర్శ మీదే. ఆయన సంపాదకత్వంలో 1968లో మొదలైన ‘సంవేదన’ పత్రిక ఎక్కువ కాలం నడవలేదు. నడిచినంత కాలం ఏడుపుగొట్టు రాతకు, ఉపన్యాసం దంచే పాత్రకు అందులో మన్నింపు దొరకలేదు. ఆ చుట్టుపక్కల కలం పట్టినవాళ్లకు అలా ఒక జంకు ఏర్పడింది. అది మంచి జంకే.

ఆ వాతావరణంలో నిలబడిన పెద్ద కథకుడు కేతు విశ్వనాథరెడ్డి. 1939లో కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టారు, 2023లో పోయారు. ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’ సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన పరిశోధన చేసింది కథల మీద కాదు, కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద. ఏ ఊరికి ఆ పేరు చెరువు వల్ల వచ్చిందో, చెట్టు వల్ల వచ్చిందో, దేవర వల్ల వచ్చిందో తవ్విన మనిషికి, ‘అనగనగా ఒక ఊళ్లో’ అని రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది? ఆయన కథల్లో ఊరికి నేల ఉంటుంది, నీటి వసతి ఉంటుంది, ఎవరి మాట చెల్లుతుందో తెలిసిన రచ్చబండ ఉంటుంది. ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాట తేడా వచ్చినా దాని వేరు ఆ నేల దగ్గరో, ఆ నీటి దగ్గరో తేలుతుంది.

భాష విషయంలో కేతుది ఒక పద్ధతి. కథ చెప్పే గొంతు మనందరికీ తెలిసిన వాడుక తెలుగు. పాత్ర నోరు విప్పితే మాత్రం కడప మాట. ‘యాడికి పోతాండావు’ అని తండ్రి అడిగితే, కొడుకు ‘యాడికీ లేదు నాయనా’ అని తలొంచుకుంటాడు. కథకుడు పక్కకు తప్పుకుని ఇద్దరినీ చూపిస్తాడు. ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది: శ్రీకాకుళం పాఠకుడు కూడా దారి తప్పడు. నష్టమూ ఉంది. కథ చెప్పేవాడు చదువుకుని ఊరు దాటినవాడని ప్రతి పేరాలో తెలిసిపోతూ ఉంటుంది.

కథకుడికీ పాత్రలకూ మధ్య ఉన్న ఆ గీతను చెరిపేసినవాడు కర్నూలు జిల్లా నాగప్పగారి సుందర్రాజు. 1997లో వచ్చిన ‘మాదిగోడు’ కథల్లో పాత్రలే కాదు, కథ చెప్పేవాడూ పశ్చిమ కర్నూలు మాటే మాట్లాడతాడు. కన్నడ గాలి సోకిన తెలుగు అది. ‘నడిమింటి బోడెక్క బసివిరాలయ్యెద’ అన్న పేరు చూస్తేనే తెలుస్తుంది, ఈ కథను బయటివాడి గొంతుతో చెప్పడం కుదరదని. ఆడపిల్లను దేవర పేరు మీద వదిలి, పెళ్లి చేయకుండా పుట్టింట్లోనే ఉంచే బసివి ఆచారాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం నేరం చేసింది. చట్టం దాన్ని ఆచారంగా చూస్తుంది. కథ ఆ ఇంటి లోపల నిలబడి చూస్తుంది. మూడు పదులు దాటీ దాటకుండానే సుందర్రాజు 2000లో పోయాడు. బతికి ఉంటే కర్నూలు కథ ఏ దారి పట్టేదో అనుకోకుండా ఉండలేం.

కథను ఊరి నోటితోనే చెప్పించే ఈ ఎత్తుగడ మనకు మాత్రమే తెలిసిందేమీ కాదు. ఇటలీ అడుగున ఉన్న సిసిలీ కూడా రాళ్లూ ఎండా ఉన్న నేల. అక్కడి జొవాన్ని వెర్గా 1878లో ‘రొస్సో మల్పేలో’ అనే కథ రాశాడు. ఇసుక గనిలో పనిచేసే ఎర్రజుట్టు కుర్రవాడు అందులో నాయకుడు. జుట్టు ఎర్రగా ఉంది కాబట్టి వాడు చెడ్డవాడని ఊరు నమ్ముతుంది. వెర్గా కథ చెప్పే గొంతు కూడా నమ్మినట్టే మాట్లాడుతుంది. తండ్రి అదే గనిలో ఇసుక కింద పడి చనిపోతాడు. కొడుకు దుఃఖం గురించి పేజీలు నింపడు రచయిత. తండ్రి మిగిల్చిపోయిన పనిముట్లను, ప్యాంటును, బూట్లను వాడు ఎలా చూసుకున్నాడో చెబుతాడు. ఊరి అన్యాయం ఊరి గొంతులోనే బయటపడుతుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండ గనుల దగ్గర పెరిగినవాళ్లకు ఈ కథ పరాయిగా అనిపించదు.

కుటుంబ కథకు ఇంకో అనువైన గొంతు పిల్లవాడిది. చిత్తూరు వైపు నుంచి నామిని సుబ్రమణ్యంనాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో దాన్ని అందరికంటే బాగా వాడుకున్నారు. పిల్లవాడికి అప్పు అంటే అర్థం కాదు కానీ, అప్పులవాడు వచ్చినప్పుడు అమ్మ గొంతు మారడం తెలుస్తుంది. కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలతో ఈ వరసలో చేరాడు. 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దానికే వచ్చింది. సంపుటికి పేరిచ్చిన కథలో, శుక్రవారం నమాజు మానొద్దని కొడుకును ఎప్పుడూ పోరే అమ్మ ఉంటుంది. 2007 మే 18, శుక్రవారం, హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. కొడుకు ఉండేది ఆ నగరంలోనే. మసీదుకు పోవద్దని ఈసారి ఆ అమ్మే ఫోనులో అంటుంది. మతం గురించి, రాజకీయం గురించి ఒక్క వ్యాఖ్య లేదు. ఒక తల్లి తన మాట తానే వెనక్కి తీసుకుంది, అంతే. ఆ కథను నేను ఎన్నిసార్లు చదివినా, అందులో కత్తిరించడానికి వాక్యం దొరకలేదు.

ఇప్పుడు బొమ్మ సంగతి. వారపత్రికల కాలంలో కథ ఒంటరిగా రాలేదు, పక్కన బొమ్మతో వచ్చింది. ఆనాటి బొమ్మల తీరు సగం అచ్చు యంత్రం వల్ల వచ్చింది. లెటర్‌ప్రెస్సులో బొమ్మను జింకు బ్లాకుగా చేయించాలి. పల్చటి నీడలు ముతక న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోతాయి. అందుకే తెల్ల కాగితం మీద నల్ల గీత, లేదంటే గట్టి నలుపు ముద్ద. ఈ ఇరుకులోంచే తెలుగు ఇలస్ట్రేషన్ తన గొప్పతనం సంపాదించుకుంది. ఆఫ్‌సెట్ వచ్చాక రంగు పూయడం తేలికైంది, కానీ గీత సడలిందని నా అభిప్రాయం.

నామిని కథలకు బొమ్మలు వేసింది బాపు. పుట్టింది నరసాపురం, పెరిగింది మద్రాసు. నామిని ఊరు మిట్టూరులోని ఇల్లు ఆయన ఇల్లు కాదు. అయినా ఆ బొమ్మలు ఎందుకు అతికాయి? బాపు ఇల్లంతా గీయడు కాబట్టి. మనిషి కూచున్న తీరు, మెడ వంపు, కొంగు దోపుకున్న చోటు, ఇంతవరకు గీసి ఆపేస్తాడు. తెలియని గోడను ఊహించి గీయడం కంటే గోడను వదిలేయడం నయమని ఆ చేతికి తెలుసు. ఇంకో నైపుణ్యం, ఏ ఘట్టం గీయాలన్నది ఎంచుకోవడం. చావో కొట్లాటో గీస్తే కథ గుట్టు ముందే తెలిసిపోతుంది. మంచి ఆర్టిస్టు దానికి కాస్త ముందు క్షణాన్ని పట్టుకుంటాడు. ‘జుమ్మా’కు నేనైతే ఫోను చెవి దగ్గర పెట్టుకున్న తల్లిని గీయించను. చిన్నప్పుడు శుక్రవారం పొద్దున కొడుకు తల తుడిచే తల్లిని గీయమంటాను.

విచారించాల్సింది ఏమిటంటే, కథలు సంపుటిగా వచ్చేటప్పుడు ఆ బొమ్మలు చాలావరకు పత్రికలోనే ఉండిపోతాయి. పేజీలు పెరుగుతాయని, బ్లాకులు పోయాయని ప్రచురణకర్తలకు కారణాలుంటాయి. ముఖచిత్రంతో సరి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది, ఒక కథను ఆనాటి పాఠకుడు ఏ బొమ్మతో కలిపి చదివాడో. సీమ కథకు ఈ లోటు మరీ ఎక్కువ. ఎందుకంటే తెలుగువాళ్లలో చాలామంది కళ్లలో సీమ ఇంటి బొమ్మ ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ లాంటి సినిమాల నుంచే వచ్చింది. బురుజంత గోడలు, గేటు ముందు సుమోలు, చేతిలో వేటకొడవలి. గవాచి కింద వెలుతురు పడే చోట కూచుని బియ్యంలో రాళ్లు ఏరే జేజి (అవ్వ) ఆ సినిమాల్లో ఎక్కడా కనబడదు.

కథకు ఎక్కిన బతుకుల కంటే ఎక్కనివే ఇంకా ఎక్కువ, ముఖ్యంగా పని కోసం వలస పోయినవాళ్లవి. న్యూయార్క్‌లో ఇటలీ తాపీ మేస్త్రీల బతుకును ఒక మేస్త్రీ కొడుకే, పియెత్రో ది దొనాతో, 1939లో ‘క్రైస్ట్ ఇన్ కాంక్రీట్’ నవలగా రాశాడు. కట్టుబడిలో తండ్రి చనిపోయిన పదహారేళ్లకు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన తల్లుల పిల్లలు ఇప్పుడు కలం పట్టే వయసులో ఉన్నారు. అమ్మ గొంతును క్యాసెట్లో విని పెరిగిన పిల్లలు వాళ్లలో ఉన్నారు. ఆ క్యాసెట్టు మీద కథ రావాలి. వస్తుంది కూడా.

ఇక సుగ్గి ఉంది. కోసిగి, కౌతాళం, ఆలూరు వైపు పల్లెల్లో పంట చేతికి రాని ఏడు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సంసారాలు సంసారాలే కదులుతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు. పిల్లల చదువు పోకుండా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అయినా తల్లీతండ్రీ వెంట చేలకు పోయే పిల్లలు పోతూనే ఉన్నారు. ఇలాంటి బతుకుల కథల్ని బొమ్మలతో పుస్తకంగా వేసే సాహసం చేసే ప్రచురణకర్త ఎవరైనా ఉంటే, ఆర్టిస్టు చేతిలో కథల కట్ట పెట్టేముందు రైలు టికెట్టు పెట్టాలి. కోసిగి స్టేషను గుంతకల్లు, రాయచూరు లైను మీద ఉంది. పోతే సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా పోవాలి. సుగ్గికి కదిలే సంసారం మూటలో ఏం కట్టుకుంటుందో, ఏం ఇంట్లోనే వదిలేస్తుందో, తాళంచెవి ఎవరి కొంగున ముడేస్తుందో చూసుకుని వచ్చి గీయాలి.