అట్టపెట్టె వెనకాల కథ

బొమ్మల మీద విమర్శ రాయటమేమిటి, ఈవిడకి నవలలే దొరకలేదా అని ముక్కున వేలేసుకోకండి. పిల్లాడి చేతిలో వున్న మరమనిషి వట్టి ప్లాస్టిక్ ముక్కే అయితే నేనూ నోరు మూసుకునేదాన్నే. కాని దానికో పేరుంది, స్వభావముంది, స్నేహితులూ శత్రువులూ వున్నారు. టీవీలో దాని కథ నడుస్తుంది. ఆ కథ చూసి పిల్లలు నవ్వుతారు, ఏడుస్తారు. పాత్ర వుండి, కథ వుండి, దాన్ని చూసి ఏడ్చేవాళ్ళు కూడా వున్నాక విమర్శకి ఇంకేం కావాలి చెప్పండి?

నేను చెప్పేది ట్రాన్స్‌ఫార్మర్స్ సంగతి. కారు మడతలు విప్పితే మనిషి, మనిషిని మడిస్తే కారు. మూడేళ్ళు నిండిన పసివాళ్ళ కోసం అదే వంశంలో తరవాత పుట్టినవి రెస్క్యూ బాట్స్. అరచేతిలో ఇమిడేంత బొమ్మలు, మొనలు లేని గుండ్రటి అంచులు. ఇల్లు వూడుస్తుంటే సోఫా కిందనించి చీపురికి తగిలేవి ఇవే.

వీటి పుట్టుక తమాషాగా వుంటుంది. జపాన్‌లో టకారా అనే కంపెనీ 1980లో డయాక్లోన్ అని కొన్ని బొమ్మలు తెచ్చింది. వాటిలో మరమనిషి కేవలం బండి. నడిపేవాడు వేరే, లోపల కూర్చునే అంగుళమంత డ్రైవరు. అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీవారు ఆ బొమ్మల్నీ, టకారావే మరికొన్నిటినీ తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మకానికి పెట్టారు. పెట్టేముందు ఒక్క పని చేశారు. డ్రైవరుని దింపేశారు! నడిపేవాడెవడూ లేడు, ఈ బండికే ప్రాణముందన్నారు.

ఆ ప్రాణం పొయ్యటానికి మార్వెల్ కామిక్స్ రచయితల్ని పిలిపించారు. బాబ్ బుడియాన్‌స్కీ అనే ఆయన చాలావాటికి నామకరణం చేసి, ఒక్కోదానికీ కొద్ది వాక్యాల్లో జాతకం రాశాడు. దాన్ని అట్టపెట్టె వెనకాల అచ్చేశారు. బలానికిన్ని, తెలివికిన్ని, ఓర్పుకిన్ని, ధైర్యానికిన్ని అని మార్కులు కూడా వేశారు. ఎర్రరంగు ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి చూస్తేగాని ఆ మార్కులు కనిపించేవి కావు. ఓర్పుకి మార్కులేమిటని నవ్వకండి. పెళ్ళిచూపుల్లో మనకి వేసినవి మాత్రం ఏమిటి? మనకా ఎర్రముక్క కూడా ఇవ్వలేదు.

సరుకు అమ్ముకోవటానికి రాసింది కథ ఎలా అవుతుందని పెదవి విరిచేవాళ్ళున్నారు. వారం వారం సీరియల్ రాసి బతికినదాన్ని, ఆ మాట నేననలేను. ఎవరో రాయమంటేనే రాసినవి మన అలమారాల్లో ఎన్ని లేవు! నేను చూసేది మరొకటి. కథలో జరిగేదానికి కారణం కథలోనే వుందా, బయట ఇంకెక్కడో వుందా?

ఆ లెక్కన చూస్తే వీళ్ళు ఘోరంగా తప్పిన చోటు ఒకటుంది. ఆప్టిమస్ ప్రైమ్ అని వీళ్ళ నాయకుడు. ఎర్రా నీలం రంగుల పెద్ద లారీ. ఆయనకి గొంతు అరువిచ్చిన పీటర్ కలెన్, సైన్యంలో పనిచేసి వచ్చిన తన అన్నగారిని తలుచుకుని ఆ గొంతుని మెత్తగా పలికించాడు. బలముండీ అరవని మగమనిషి! పిల్లలు ఆ లారీలో తండ్రిని చూసుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

1986 ఆగస్టులో వీళ్ళ సినిమా వచ్చింది. మొదటి భాగంలోనే ఆప్టిమస్ చచ్చిపోతాడు. ఒంటిమీద రంగులన్నీ పోయి బూడిదరంగుకి తిరుగుతాడు. అతనొక్కడే కాదు, పాత జట్టులో ఇంకా చాలామంది పోయారు. హాలు నిండా పిల్లలు గొల్లుమన్నారు. మెగాట్రాన్ చేతిలో దెబ్బతిని చనిపోయాడన్నది పైకి చెప్పిన సాకు. పాత బొమ్మల అమ్మకం ముగించి కొత్త బొమ్మలకి చోటు చెయ్యాలన్నది అసలు సంగతి. ఆ పిల్లలకి అతనెంతటివాడో తమకి తెలియలేదని ఆ రచయితలే తరవాత చెప్పారు.

నా సీరియల్లో ఒక ఆడపడుచుని చంపినప్పుడు నాకూ ఉత్తరాలొచ్చాయి. ఆవిడెందుకు పోయిందో నాలుగు వారాల ముందునించీ కథలోనే వుందని జవాబు రాయగలిగాను. ఆప్టిమస్ కోసం ఏడ్చిన పిల్లలకి ఆ జవాబు చెప్పేవాళ్ళేరీ? కారణం గోడౌన్లో వుందాయె.

ఉత్తరాలు వెల్లువెత్తాక 1987లో అతన్ని మళ్ళీ బతికించారు. అంతేకాదు, అదే కంపెనీ జి.ఐ. జో సిపాయి బొమ్మల సినిమాలో డ్యూక్ అనే నాయకుడు చనిపోవలసింది. ఈ గొడవ చూసి హడిలిపోయి, అతను కోమాలోకి వెళ్ళాడని ఒక మాట అతికించారు. చివర్లో కోమాలోంచి బయటపడ్డాడని ఇంకో మాట. మన సినిమావాళ్ళకే వచ్చుననుకున్నాను ఈ విద్య!

రెస్క్యూ బాట్స్ 2011 చివర్లో మొదలై 2016 దాకా నడిచింది. దాన్ని రూపుదిద్దిన ముగ్గురిలో నికోల్ డుబుక్ అనే ఆవిడ ఒకరు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం ఒడ్డుకి ఆవల గ్రిఫిన్ రాక్ అనే కల్పిత దీవి. అక్కడ బర్న్స్ గారి కుటుంబం. తండ్రి పోలీసు అధికారి. నలుగురు మరమనుషులు వాళ్ళతో కలిసి వుంటారు. యుద్ధం లేదు. అప్పుడప్పుడూ ఒక దుష్టశాస్త్రజ్ఞుడు తలెత్తినా, చాలావరకు పోరాటం నిప్పుతో, నీటితో, అదుపు తప్పిన యంత్రాలతో.

నాకు నచ్చింది పాత్రలు. హీట్‌వేవ్ అగ్నిమాపక వాహనం. పెద్ద యోధుణ్ణి కావలసినవాణ్ణి, ఈ వూళ్ళో మంటలార్పుతూ కూర్చోవలసి వచ్చిందని గొణుగుతుంటాడు. ఛేజ్ పోలీసు కారు, రూలు తప్పితే వూపిరాడదు. బౌల్డర్ బుల్‌డోజరు, అయినా పువ్వులన్నా జంతువులన్నా ప్రాణం. ఇక బ్లేడ్స్. హెలికాప్టరు అయివుండీ ఎత్తంటే భయం! ఆ రూపం అతను కోరుకున్నదీ కాదు. వణుకుతూనే ఎగురుతాడు, ఎగిరాక కూడా భయం పోదు. ఒక్క సాహసంతో భయం ఎగిరిపోయిందని రాయటం సుళువు. అలా రాయకపోవటం వల్లే బ్లేడ్స్ నాకు నిజం మనిషిలా కనిపించాడు. చీకట్లో పెరట్లోకి వెళ్ళటానికి జంకే పిల్లకి అతని మీద ప్రేమ ఎందుకుండదు?

కథకి పెరిగిన ఈ మెత్తదనం బొమ్మకి అంత మేలు చెయ్యలేదనుకోండి. పాత బొమ్మని మార్చాలంటే వేళ్ళు నొప్పిపుట్టేవి, చిన్న చిక్కుముడిలా వుండేది. ఇది ఒక్క లాగుకి మారిపోతుంది. మూడేళ్ళ వేళ్ళకి అంతకంటే చేతకాదు నిజమే, అయిదేళ్ళకే విసుగొస్తుంది. (మూడేళ్ళలోపు వాళ్ళకి మాత్రం ఇవ్వకండి. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నించి మన దేశంలో బొమ్మలకి అది తప్పనిసరి.)

అసలు ఫిర్యాదు ఇంకోటుంది. 1986 సినిమాలోనే ఆర్సీ అని ఒక ఆడ మరమనిషి వుంది. తెర మీద పరిగెత్తింది, తుపాకీ పట్టింది. ఆ దశాబ్దంలో ఆమె బొమ్మ మాత్రం అంగట్లోకి రానేలేదు. మగపిల్లలు ఆడబొమ్మ కొనరని భయం కాబోలు. అసలు బొమ్మ అంటేనే మగపిల్లలు కొనరని 1964లో 'యాక్షన్ ఫిగర్' అనే కొత్తమాట పుట్టించిన కంపెనీ కదా! రెస్క్యూ బాట్స్ మొదటి నలుగురూ మగవాళ్ళే. బర్న్స్ గారమ్మాయి డానీ హెలికాప్టరు నడుపుతుంది, అదొక్కటే వూరట. 2019లో వచ్చిన రెస్క్యూ బాట్స్ అకాడమీ కథలో వర్ల్ అనే అమ్మాయి విద్యార్థిగా చేరింది. ఆర్సీ తెర మీదకొచ్చాక ముప్పయి మూడేళ్ళు గడిచాయి.

ఇంకా విచిత్రం, అంతమంది వున్న ఆ బర్న్స్ గారింట్లో అమ్మ లేదు. దీవి దీవంతా కాపాడే ఇంట్లో అన్నం పెట్టేదెవరో చెప్పరు. మా అక్క మనవరాలు మొన్న సంక్రాంతికి బొమ్మలకొలువులో ఆఖరిమెట్టు మీద ఈ నలుగుర్నీ వరసగా నిలబెట్టింది. పై మెట్టు మీది కొండపల్లి గొల్లభామని దింపి వాళ్ళ పక్కన పెట్టింది. గొల్లభామ వాళ్ళకంటే పొట్టి. "అమ్మెందుకే అంత చిన్నదిగా వుంది?" అన్నాను. "ఆవిడ ఇంకా మడత విప్పలేదు అమ్మమ్మా" అంది.